రాజా రామమోహన్ రాయ్, మన మిషనరీలు, ఒక చిన్న మాట



మన ఇండ్లలో కుటుంబ ప్రార్థన ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. అమ్మమ్మ, తాతయ్యల చేతిలో తెలుగు బైబిలు ఉంటుంది. పిల్లలు బడిలో నేర్చినది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో గనుక వారి చేతిలో ఆ భాషల బైబిలో, ఇంగ్లీషు బైబిలో ఉంటుంది. ఒక వచనము చదివితే రెండు మూడు తర్జుమాలు ఒకేసారి వినబడతాయి. ఇది మనకు దేవుడిచ్చిన భాగ్యమే. అయితే ప్రశ్నలు పుట్టేది కూడ అక్కడే.

ఆ మధ్య యౌవనస్థుల కూడిక ముగిసిన తరువాత ఒక అబ్బాయి మా దగ్గరకు వచ్చి, యోహాను సువార్త 1:3 తెరచి చూపించాడు. పాత ఇంగ్లీషు బైబిలులో సమస్తమును వాక్యము ‘చేత’ కలిగినట్లు ఉన్నదట. కొత్త ఇంగ్లీషు బైబిలులో వాక్యము ‘ద్వారా’ కలిగినట్లు ఉన్నదట. ఇంటికి వచ్చిన ఎవరో పెద్దమనిషి, యేసును దేవునిగా చూపించడానికి సంఘములవారు బైబిలులో మాటలు మార్చారని అతనితో చెప్పి వెళ్ళాడట. ఆ అబ్బాయి వాదానికి రాలేదు, భయపడి వచ్చాడు. చిన్ననాటినుండి తాను నమ్మినదంతా ఒక విభక్తి ప్రత్యయము మీద నిలిచి ఉన్నదా అన్నదే అతని భయము.

బడిలో ఏళ్ళ తరబడి వ్యాకరణము చెప్పినవారమే అయినా, మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఇదే వచనము, ఇదే ప్రత్యయము దాదాపు రెండు వందల ఏళ్ళ క్రిందట కలకత్తాలో మన బాప్తిస్టు మిషనరీల తర్జుమా బల్ల దగ్గరే చీలిక తెచ్చింది. ఆ బల్ల దగ్గర కూర్చున్న మూడవ మనిషి పేరు మన పిల్లల చరిత్ర పుస్తకాలన్నిటిలో ఉంది. ఆయనే రాజా రామమోహన్ రాయ్. సతీసహగమనమును మాన్పించడానికి పోరాడినవానిగా ఆయనను అందరూ ఎరుగుదురు. బైబిలుతో ఆయనకున్న సంబంధము మాత్రము మనలో చాలమందికి తెలియదు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితమును వ్రాయదలచాము.

బాల్యము, చదువు

రామమోహన్ రాయ్ 1772లో బెంగాలులోని రాధానగర్ గ్రామములో బ్రాహ్మణ కుటుంబములో పుట్టారని సాధారణముగా లెక్కిస్తారు. ఆ గ్రామము నేటి హుగ్లీ జిల్లాలో ఉంది. తండ్రి రమాకాంత రాయ్, తల్లి తారిణీదేవి. ఆ రోజులలో ఉద్యోగానికి పారసీ కావాలి, శాస్త్రానికి సంస్కృతము కావాలి. ఆయన రెండూ నేర్చారు, అరబ్బీ కూడ నేర్చారు. దేవుడు ఒక్కడే అనే నమ్మకము ఆయన మనస్సులో చాల త్వరగానే స్థిరపడింది. 1803-04 ప్రాంతములో ఏకేశ్వర విశ్వాసులకు కానుక అనే అర్థమిచ్చే పేరుతో పారసీలో ఒక చిన్న పుస్తకము వ్రాసి, దానికి ముందుమాట అరబ్బీలో పెట్టారు. విగ్రహారాధనను ప్రశ్నించినందుకు సొంత ఇంటివారికే దూరమయ్యారు. మన సంఘములలో మొదటితరము విశ్వాసులు ఎట్టి బాధ పడ్డారో విన్నవారమే గనుక, ఆ ఎడబాటు ఎటువంటిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో, ముఖ్యముగా రంగపూరులో జాన్ డిగ్బీ అనే అధికారి దగ్గర పనిచేశారు. ఇంగ్లీషు ఆయనకు బాగా పట్టుబడినది ఆ రోజులలోనే. 1814 తరువాత కలకత్తాలో స్థిరపడి, 1815లో ఆత్మీయ సభను పెట్టారు. ఉపనిషత్తులను బెంగాలీలోకి, ఇంగ్లీషులోకి తెచ్చారు. బైబిలును ఇంగ్లీషులో చదివి ఊరుకొనలేదు. క్రొత్త నిబంధన కోసము గ్రీకు, పాత నిబంధన కోసము హెబ్రీ అభ్యసించారు. బైబిలుమీద మాట్లాడదలచినవాడు దాని మూలభాషలకు వెళ్ళవలెనని ఆయన అనుకున్నారు. ఆయనతో మనము ఏకీభవించని సంగతులు ఈ వ్యాసములో చాల ఉన్నాయి. ఈ ఒక్క విషయములో మాత్రము ఆయన మనకు సిగ్గు కలిగించేటంత మంచి విద్యార్థి.

శ్రీరాంపూరు పొరుగువారు

కలకత్తాకు కొద్ది దూరములో, హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపూరులో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ గారలు 1800నుండి బాప్తిస్టు మిషను నడుపుచుండిరి. మన తెలుగువారికి ఆ ఊరు పరాయిది కాదు. విశాఖపట్నములో లండన్ మిషను వారైన డేగ్రాంజెస్ గారు ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయముతో తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులోనే అచ్చయ్యాయి. అదే సంవత్సరము అక్కడి అచ్చుకూటము కాలిపోయి, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, వ్రాతప్రతులు బూడిదయ్యాయి. అయినను కేరీగారి తెలుగు వ్యాకరణము 1814లోను, శ్రీరాంపూరు తెలుగు క్రొత్త నిబంధన 1818లోను వెలువడ్డాయి. ఒడిశాలోని మన సంఘములవారు గుర్తుంచుకొనవలసిన ఒడియా క్రొత్త నిబంధన కూడ 1809లో ఆ ఊరినుండే వచ్చింది.

కేరీగారు వృత్తిచేత చెప్పులు కుట్టినవారు. మార్ష్‌మన్‌గారు నేతపనివాని కుమారుడు, ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణములో బడిపంతులు. పెద్ద కళాశాలలలో చదివినవారు కారు గాని, భాషలు నేర్చుటలో వారి శ్రమకు సాటి లేదు. రామమోహన్ రాయ్‌కు ఈ మిషనరీలతో స్నేహము కుదిరింది. ఒకే దేవుని నమ్మి, క్రీస్తు బోధలను ఇంతగా గౌరవించే ఈయన నేడో రేపో బాప్తిస్మము పొందునని వారు ఆశపడ్డారు. ఆ ఆశ నెరవేరలేదు.

కత్తిరించిన సువార్త

1820లో రామమోహన్ రాయ్ ఇంగ్లీషులో ఒక పుస్తకము ప్రచురించారు. యేసు ఉపదేశములు శాంతికి, సంతోషానికి దారి చూపునని దాని పేరులోనే చెప్పారు. నాలుగు సువార్తలలోనుండి నీతిబోధలను ఏరి కూర్చిన సంకలనము అది. కొండమీది ప్రసంగము, ఉపమానములు ఉన్నాయి. ప్రభువు జననము, అద్భుతములు, సిలువ మరణము, పునరుత్థానము దాదాపుగా లేవు. యోహాను సువార్తనుండి తీసుకొన్నది బహు కొంచెము. అద్భుతములు, సిద్ధాంతములు తగవులకు కారణమగును గనుక, తగవులేని నీతిని మాత్రము మనుష్యులకు అందించవలెనన్నది ఆయన ఉద్దేశము. ఈ పుస్తకము అచ్చయినది కలకత్తా బాప్తిస్టు మిషను ప్రెస్సులోనే.

శ్రీరాంపూరువారి పత్రికలో దానిమీద విమర్శ వచ్చింది. అందులో సంకలనకర్తను అన్యజనుడన్న అర్థమిచ్చే మాటతో పేర్కొన్నారు. విగ్రహములను విడిచినందుకు ఇంటినే పోగొట్టుకొన్న మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకొంది. ఆయన అదే సంవత్సరము క్రైస్తవ ప్రజలకు ఒక విన్నపము వ్రాశారు. 1821లో రెండవ విన్నపము వచ్చింది. అప్పటికి తగవు నీతిబోధనుండి నేరుగా క్రీస్తు దైవత్వానికి, త్రిత్వానికి, ప్రాయశ్చిత్తానికి చేరింది. కుమారుడు తండ్రికి లోబడినవాడనియు, తండ్రితో సమానుడు కాడనియు ఆయన వాదన. మార్ష్‌మన్‌గారు ధర్మశాస్త్రము, కీర్తనలు, ప్రవక్తల గ్రంథములు, సువార్తలు, పత్రికలు అన్నీ వెదకి వాక్యము వెంట వాక్యముగా జవాబు వ్రాశారు. క్రీస్తు దైవత్వమును, ప్రాయశ్చిత్తమును సమర్థించే ఆ జవాబులు 1822లో లండనులో పుస్తకముగా వచ్చాయి.

ఇక్కడ మా అభిప్రాయము ఒకటి చెప్పుట అవసరము. ఏరుట కూడ ఒక విధమైన తర్జుమాయే. ఏది ఉంచాలో, ఏది తీయాలో నిర్ణయించిన చేయి తన నమ్మకమును గ్రంథములో పెట్టినట్లే. అయినను ఆ కత్తెరకు క్రీస్తు మహిమ చిక్కలేదు. రామమోహన్ రాయ్ ఉంచిన కొండమీది ప్రసంగమునే చదవండి. పూర్వికులకు చెప్పబడిన ధర్మశాస్త్రమును ఎత్తి, దానిమీద తన సొంత అధికారముతో మాట్లాడువాడు అక్కడ ఉన్నాడు. ఆ ప్రసంగము చివర, అంత్యదినమున అనేకులు ప్రభువా అని పిలుచునప్పుడు వారికి తీర్పు చెప్పువాడు తానేనని ఆయన చెప్పుచున్నాడు. ఒక నీతిబోధకుడు తన గురించి చెప్పుకొనదగిన మాట కాదు అది. సిలువను తీసివేసినా, బోధను చెప్పినవాడు ఎవరు అనే ప్రశ్నను తీసివేయుట సాధ్యపడలేదు.

తర్జుమా బల్ల దగ్గర

ఈ తగవు నడుచుచుండగానే ఆ బల్ల సంగతి జరిగింది. స్కాట్లండులోని డన్ఫర్మ్‌లిన్‌లో 1796లో పుట్టిన విలియం ఆడమ్ గారు 1818లో బాప్తిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చారు. ఆయన, విలియం యేట్స్ అనే మరొక బాప్తిస్టు మిషనరీ, రామమోహన్ రాయ్ కలిసి సువార్తలను సరికొత్తగా బెంగాలీలోకి తర్జుమా చేయ మొదలుపెట్టారు. కేరీగారి తర్జుమాకన్న సహజమైన బెంగాలీ కావలెనన్నది వారి కోరిక.

పని యోహాను 1:3 దగ్గరకు వచ్చింది. సమస్తమును వాక్యము వలన కలిగినదని అక్కడి భావము. గ్రీకులో ఉన్న చిన్న మాట ‘డియా’. అది షష్ఠీ విభక్తితో వచ్చినప్పుడు దాని సహజమైన అర్థము ‘ద్వారా’ అని గ్రీకు నేర్చినవారెవరైనా ఒప్పుకొంటారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మాత్రము ‘చేత’ అనే అర్థమిచ్చే మాట ఉంది. బెంగాలీలో ఏది వ్రాయాలి? ‘చేత’ అంటే వాక్యమే కర్త. ‘ద్వారా’ అంటే కర్త మరొకడై, వాక్యము సాధనమైనట్లు వినబడవచ్చును. ఇద్దరు మిషనరీలు దీనిమీద వాదించుకొనుచుండగా, రామమోహన్ రాయ్ కలము చేతబట్టుకొని, ఒక్క మాటయు పలుకక, గంభీరముగా గమనించుచు కూర్చుండెనని ఆడమ్‌గారు తరువాత జ్ఞాపకము చేసుకొన్నారు.

యేట్స్‌గారికి ‘ద్వారా’ అన్న మాటలో ఏరియస్ వాసన తగిలింది. కుమారుడు సృష్టింపబడినవాడని బోధించిన ఏరియస్‌ను సంఘము క్రీ.శ. 325లో నీకయ మహాసభలో త్రోసిపుచ్చిన సంగతి మన పాస్టరుగార్లు చెప్పుచుండగా విన్నాము. ఆ బోధకు తలుపు తెరచినవాడను కాకూడదని యేట్స్‌గారు ఆ పనినుండి తప్పుకొన్నారు. ఆడమ్‌గారు ఎదుటి దిక్కుకు వెళ్ళారు. రామమోహన్ రాయ్‌ను క్రీస్తు దగ్గరకు తేవలెనని ఆయనతో వాదించి వాదించి, చివరకు తానే త్రిత్వ విశ్వాసమును విడిచి, 1821లో యూనిటేరియన్‌నని బహిరంగముగా ప్రకటించుకొన్నారు. కలకత్తాలోని తెల్లవారు ఆయనను రెండవసారి పడిపోయిన ఆదాము అని ఎగతాళి చేశారు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజులలో విద్యాచరిత్ర పాఠములో ఆడమ్ నివేదికలు అని బట్టీ పట్టాము. బెంగాలు, బీహారు పల్లెలలో లక్ష బడులు ఉండవచ్చునని లెక్క కట్టి, దేశభాషల చదువును గురించి 1835నుండి 1838 వరకు మూడు నివేదికలు ఇచ్చినది ఈ ఆడమ్‌గారే. పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టిన ఆ పేరు వెనుక ఒక బాప్తిస్టు మిషనరీ విశ్వాసపు పోరాటము ఉన్నదని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఎగతాళి చేయుట సులభమే. ఆ మనిషి తన మిషనును, ఊరిలోని మర్యాదను పోగొట్టుకొన్నాడు. ఆయన తీర్మానము తప్పని మేము నమ్ముచున్నాము. ఆయన కపటము చేశాడని మాత్రము అనలేము.

మూసిన తలుపు

ఆ తరువాత జరిగినది మనవారికి అంత ఘనత తెచ్చేది కాదు. రామమోహన్ రాయ్ తన చివరి విన్నపమును బాప్తిస్టు మిషను ప్రెస్సుకు పంపితే, వారు అచ్చు వేయమని చెప్పారు. తమ విశ్వాసానికి విరోధమైన పుస్తకమును అచ్చు వేయకుండుటకు వారికి హక్కు ఉంది. అయితే ఏమి జరిగింది? ఆయన అచ్చు అక్షరములు సమకూర్చుకొని, ధర్మతలాలో యూనిటేరియన్ ప్రెస్సు అన్న పేరుతో 1823లో ఆ పుస్తకమును తెచ్చారు. లండనులోని యూనిటేరియన్లు ఆయన విన్నపములను తిరిగి అచ్చు వేశారు. తలుపు మూసినందువలన ఆ వాదము ఆగలేదు. దానికి నిజముగా ఎదురు నిలిచినది మార్ష్‌మన్‌గారి కలము. ప్రత్యర్థి గ్రీకు, హెబ్రీ చూపితే తానును గ్రీకు, హెబ్రీ చూపిన ఆయన ఓపిక.

ఆ తగవులో గద్దింపులు చాల ఉన్నా, మరొక సంగతి మరువరాదు. విధవలను చితిమీద కాల్చే ఆచారమునకు విరోధముగా రామమోహన్ రాయ్ శాస్త్రములనే చూపుచు పుస్తకములు వ్రాశారు. కేరీగారు ఎన్నో ఏళ్ళుగా అదే పనిమీద ప్రభుత్వమునకు మొరపెట్టుచుండిరి. 1829 డిసెంబరు 4న బెంటింక్ గారు ఆ ఆచారమును నిషేధించారు. ఆ చట్టమును బెంగాలీలోకి మార్చే పని కేరీగారి చేతికి ఆదివారమునాడు వచ్చింది. ఆయన ఆనాటి ప్రసంగమును మరొకరికి అప్పగించి, ప్రాణములు నిలుపుట ఆలస్యము కారాదని కూర్చుండి తర్జుమా ముగించారు. క్రీస్తు ఎవరన్న ప్రశ్నమీద విడిపోయిన రెండు ఇండ్లవారు ఒక విధవ ప్రాణము దగ్గర కలిసికొన్నారు.

చివరి రోజులు

1828లో రామమోహన్ రాయ్ బ్రహ్మసభను స్థాపించారు. అది తరువాత బ్రహ్మసమాజమైంది. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారివంటి సంస్కర్తలకు ఆ సమాజమే ప్రేరణ. 1830లో స్కాట్లండునుండి వచ్చిన అలెగ్జాండర్ డఫ్ గారు బడి పెట్టదలచినప్పుడు, ఆయనకు గది చూపించి విద్యార్థులను చేర్చినది కూడ ఈయనే. ఆ బడిలో బైబిలు చదువుట ఉంటుందని తెలిసియే ఆయన సహాయము చేశారు.

1830 చివరలో ఆయన ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. మొగలు చక్రవర్తి రెండవ అక్బరు తన పనిమీద ఆయనను పంపుచు రాజా బిరుదు ఇచ్చాడు. సతీ నిషేధమును రద్దు చేయుమని కొందరు పెట్టుకొన్న అప్పీలు 1832లో ప్రీవీ కౌన్సిలులో కొట్టివేయబడినప్పుడు ఆయన ఇంగ్లండులోనే ఉన్నారు. 1833లో బ్రిస్టలుకు వెళ్ళారు. మార్ష్‌మన్‌గారు ఒకప్పుడు పంతులుగా పనిచేసిన పట్టణమే అది. అక్కడ యూనిటేరియన్ బోధకుడైన లాంట్ కార్పెంటర్ గారి ఆరాధనకు వెళ్ళారు. జాన్ ఫాస్టర్ అనే పేరుగాంచిన బాప్తిస్టు రచయిత కూడ ఆయనను కలిసికొని మాట్లాడారు. కొద్ది దినములకే జ్వరముపడి, సెప్టెంబరు 27న స్టేపుల్టన్ గ్రోవ్ అనే ఇంటిలో ఆయన కన్ను మూశారు. జందెము ఆయన దేహముమీద అలాగే ఉంది. మొదట ఆ ఇంటి తోటలోనే పాతిపెట్టారు. 1843లో ఆయన స్నేహితుడు ద్వారకానాథ్ ఠాగూరు ఆ దేహమును ఆర్నోస్ వేల్ సమాధుల తోటకు మార్పించి, మన దేశపు పద్ధతిలో మండపము కట్టించారు.

మన ఇంటి సంగతి

యేట్స్‌గారి కథ అక్కడితో ముగియలేదు. ఆయనయు పియర్స్ గారును చేసిన బెంగాలీ తర్జుమాలో బాప్తిస్మమునకు సంబంధించిన గ్రీకు మాటను ముంచుట అనే అర్థము వచ్చునట్లు వ్రాశారు. అది బాప్తిస్టుల పక్షపాతమని ఇతర సంఘములవారు అన్నారు. బ్రిటిషు బైబిలు సొసైటీ అట్టి తర్జుమాలకు సహాయము చేయనన్నది. అమెరికాలో కూడ ఇదే తగవు వచ్చి, 1836లో బాప్తిస్టులు వేరు బైబిలు సొసైటీ పెట్టుకొన్నారు. ఇంగ్లండులో 1840లో బైబిలు తర్జుమా సొసైటీ ఏర్పడింది. ఒకప్పుడు ‘డియా’ మాటకు గ్రీకు అర్థము పెట్టడానికి వెనుదీసిన యేట్స్‌గారే, ‘ముంచుట’ దగ్గర గ్రీకు అర్థమే పెట్టవలెనని నిలబడ్డారు. మన తెలుగు బైబిలులో ఆ మాట అర్థము చెప్పకుండ బాప్తిస్మము అని గ్రీకు శబ్దముగానే ఉండిపోయింది. ఏ సంఘమువారికీ నొప్పి కలుగకుండ చేసిన ఏర్పాటు అది.

మనకు నచ్చిన చోట గ్రీకు కావాలి, నచ్చని చోట సిద్ధాంతము కావాలి అనే శోధన అందరికీ ఉంది. రామమోహన్ రాయ్‌కు ఉంది, ఆడమ్‌గారికి ఉంది, యేట్స్‌గారికి ఉంది, మాకును ఉంది.

ఇప్పుడు ఆ అబ్బాయికి మేము చెప్పిన జవాబు. ‘ద్వారా’ అన్నదే గ్రీకుకు దగ్గర. ఆ మాటను చూచి యేట్స్‌గారు భయపడనక్కరలేదు. ఎందుకనగా రోమా 11:36లోను, హెబ్రీ 2:10లోను అదే ‘డియా’ తండ్రియైన దేవుని గురించి వాడబడింది. తండ్రిని తక్కువ చేయని మాట కుమారుని మాత్రము ఎలా తక్కువ చేస్తుంది? క్రీస్తు దైవత్వమును ఒప్పుకొనే సంఘములే ఇప్పుడు ‘ద్వారా’ అనే ఇంగ్లీషు బైబిళ్ళు చదువుచున్నాయి, వారి విశ్వాసము చెడలేదు. కాబట్టి ఆ మాటను చూచి క్రీస్తు కేవలము సాధనమని తీర్మానించువారు కూడ తొందరపడుచున్నారు. అదే అధ్యాయము మొదటి వచనము వాక్యము దేవుడైయున్న సంగతి చెప్పుచున్నది. మూడవ వచనము చివరి భాగము, కలిగినదేదియు ఆయన లేకుండ కలుగలేదని తేల్చుచున్నది. కలిగినవాటి వరుసలో ఆయన లేడు. యోహాను 20:28లో తోమా సాక్ష్యము ఉండనే ఉన్నది.

మన తెలుగులో ఆ చోట ‘మూలముగా’ అని ఉంది. తమిళములో మూలమాయ్, కన్నడములో మూలకవాగి అని ఉంది. ఒడిశా, మహారాష్ట్రలవారు తమ పిల్లల బైబిళ్ళు తెరచి చూచుకొనవచ్చును. మూలము అంటే వేరు, మూలముగా అంటే ద్వారా. కలకత్తా బల్ల దగ్గర ఇద్దరు మిషనరీలను విడదీసిన రెండు అర్థములును మన మాటలో ఒక్కచోట కూర్చున్నాయి.

సంఘములవారు మాటలు మార్చారన్న నింద మాటేమిటి? కొన్నిచోట్ల అందులో నిజము ఉంది, దాచనక్కరలేదు. 1 యోహాను 5:7లో పరలోకమందలి ముగ్గురు సాక్షులను గూర్చి పాత ఇంగ్లీషు బైబిలులో ఉన్న మాటలు ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులలో లేవు. ఎరాస్మస్ 1516లో అచ్చు వేసిన గ్రీకు క్రొత్త నిబంధనలో వాటిని చేర్చలేదు, 1522లో చేర్చాడు. నేటి తర్జుమాలు వాటిని విడిచిపెట్టాయి. త్రిత్వమును నమ్మే పండితులే వాటిని తీసివేశారన్నది గమనించవలసిన సంగతి. మన విశ్వాసము అరువు తెచ్చుకొన్న వచనముమీద నిలబడలేదు, నిలబడనక్కరయు లేదు.

ప్రియులారా, మన ఇంటి పిల్లలు ప్రశ్న తెచ్చినప్పుడు తలుపు మూయవద్దు. కలకత్తాలో మూసిన తలుపు ఎవరిని ఆపలేదు. నాలుగు తర్జుమాలు బల్లమీద పెట్టి, వారితో కూర్చుండి చదవండి. తెలియనిచోట తెలియదని చెప్పి, పాస్టరుగారిని అడిగి తెలుసుకొని మరల రండి. ఆ అబ్బాయి తరువాతి ఆదివారము తన కన్నడ బైబిలు, తాతగారి తెలుగు బైబిలు రెండును పట్టుకొని వచ్చాడు. ఈసారి కొలొస్సయి 1:16 తెరచి చూపించాడు. అక్కడ కూడ అదే ‘డియా’ ఉందా అని అడిగాడు. ఉందని చెప్పి, కూర్చొని చదవసాగాము.

సమస్తమును ఎవని మూలముగా కలిగెనో ఆ ప్రభువు కృప మీ అందరి గృహములకు తోడైయుండును గాక. ఆమేన్.